బొద్దక్షరాల మామయ్య

బోర్డులు రాసే మామయ్యకు ఒక్కటే రాత వచ్చు: బొద్దక్షరాలు. పాతకాలపు సబ్బుపెట్టెల మీద ఉండేవే. తలకట్టు తలపాగా అంత, సున్న నిండు గుమ్మడికాయంత. పెళ్లిమండపానికైనా శవపేటికల కొట్టుకైనా అదే రాత. ఆ కొట్టుకు ఏడుస్తూ వచ్చినవాళ్లు కూడా బోర్డు చూసి ఒక్క క్షణం తెరిపిన పడేవారు.

దర్జీ బోర్డు మీద 'బట్టలు కుట్టబ' వరకే పట్టింది. 'డును' పక్కనున్న క్షౌరశాల గోడ మీదికి వెళ్లింది. అప్పటినుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

వీధికి కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరుకు తన బోర్డు చూడగానే ఒళ్లు మండింది.

"మామయ్యా, ఇది పళ్లు పీకే చోటా, బెలూన్లు అమ్మే చోటా?"

"భయపడుతూ వచ్చేవాళ్లకి కాస్త నవ్వు రావద్దా, డాక్టరుబాబూ?"

"కొంచెం సన్నగా రాయలేరా?"

"సన్నగానే రాశాను. లావుగా రాస్తే గోడ చాలదు."

డాక్టరు దాన్ని దింపించి, దారపుపోగుల్లాంటి అక్షరాలతో కొత్త బోర్డు అచ్చు వేయించాడు. మామయ్య నిచ్చెన భుజానికెత్తుకుని, ఎదుటి మేడ మీది కిటికీ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆయనే వచ్చాడు. "మా అక్కకి పన్ను నొప్పి. మంచం దిగలేదు. మీరోసారి రావాలి."

అక్క ఒకప్పుడు ఆ వీధి బడిలో పంతులమ్మ. ఇప్పుడు కాళ్లు లేవవు, చూపు మసక. ఎదుటి మేడ మీద, మంచం కిటికీ పక్కనే.

"నోరు తెరవండి, పెద్దమ్మా."

"తెరుస్తాలే. నువ్వెక్కణ్ణించి వచ్చావు బాబూ? ఎదురుగా ఉన్న పళ్ల డాక్టరు ఎత్తేసినట్టున్నాడు, పాపం."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఎలా తెలిసింది?"

"పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని వీధంతా చదువుకుంటా. పాలకొట్టు, దర్జీ, క్షౌరశాల... అందర్నీ పలకరిస్తూ బడిదాకా నడిచినట్టే ఉంటుంది. ఇప్పుడా డాక్టరు దగ్గర తెల్లటి పలకే కనబడుతోంది. అక్కడే ఆగిపోతున్నా. బడిదాకా వెళ్లి ఎన్నాళ్లయిందో."

డాక్టరు కిటికీలోంచి చూశాడు. వీధి వీధంతా బొద్దుగా పలికింది. తన బోర్డు మాత్రం తన కంటికే ఆనలేదు. వెనక్కి తిరిగితే, మామయ్య గోడ మీది పగులును మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

మెట్లు దిగుతూ డాక్టరు అడిగాడు. "ఇంత సంగతి నాతో ఒక్కమాట అనొచ్చుగా?"

"అంటే జాలిపడి ఒప్పుకునేవారు. జాలి మా అక్క ఒంటికి పడదు."

"మళ్లీ రాస్తారా?"

"రాస్తాను. ఈసారి కొంచెం లావుగా."

మర్నాటికి 'దంతవైద్యశాల'లోని సున్న, గోడ దాటి, గుమ్మంలోకి వేలాడింది. లోపలికి ఎవరు వెళ్లాలన్నా వంగాల్సిందే.

"అమ్మయ్య, ఉన్నాడు," అంది మేడ మీది గొంతు. మిగతా బోర్డులు చదువుకుంటూ పోయి, "బడి గంట కొట్టేశారేమో, పద పద," అని తనకు తనే చెప్పుకుంది.

డాక్టరు గుమ్మం దగ్గర వంగాడు. ఎలాగూ వంగాడు కదా అని కిటికీకి ఓ నమస్కారం కూడా పెట్టి లోపలికి వెళ్లాడు.