ఒక్క బిందె తప్పినా సున్నా

పొద్దున ఐదూ నలభైకి మా వీధిలో ఈల మోగుతుంది. ఊదేది పోలీసు కాదు, రిటైరై ఆరేళ్ళయిన డ్రిల్లు మాస్టారు. ఆయనకు ఒకటే జబ్బు. ముగ్గురికి మించి మనుషులు ఒకచోట కనిపిస్తే వాళ్ళను రెండు జట్లు చేయకుండా ఉండలేరు.

సెలూన్ బెంచీ మీద నలుగురం కూర్చుంటే గడ్డాల వాళ్ళు ఒక జట్టు, క్రాపుల వాళ్ళు ఒక జట్టు. డాక్టరు గారి వరండాలో దగ్గుల వాళ్ళకీ జ్వరాల వాళ్ళకీ ఒంటికాలి మీద నిలబడే పోటీ పెట్టారు. జ్వరాల జట్టు గెలిచింది. డాక్టరు బయటికొచ్చి, "ఇంతసేపు నిలబడగలిగితే మీకు జ్వరమేంటి, ఇళ్ళకెళ్ళండి" అన్నాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. అయినా బఠాణీలు ఒలవడానికి కూర్చుంటే మాస్టారు ఒక జట్టు, ఆయన భార్య ఒక జట్టు.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నాను, ఒక్కసారీ గెలవలేదు" అందావిడ నాతో.

"అదేంటండీ?"

"ఆడేదీ ఆయనే, అంపైరూ ఆయనే."

మా వీధికంతటికీ ఉన్నది రెండు పంపుల కుళాయి ఒక్కటే. నీళ్ళు ఐదూ ముప్పావుకి వస్తాయి, ఆరున్నరకి పోతాయి. ఇళ్ళు ఇరవై ఆరు. సొంతిళ్ళ వాళ్ళు ముందు, అద్దె వాళ్ళు తర్వాత, అందరికన్నా ఆఖర్న రోడ్లు ఊడ్చే అక్క. ఈ వరస ఎవరు పెట్టారో తెలియదు గానీ, మేడ మీద పిన్ని దాన్ని కంటికి రెప్పలా కాపాడేది. అక్క బిందె కాస్త ముందుకొస్తే కాలితో పక్కకు నెట్టేది.

అక్క వంతు వచ్చేసరికి కుళాయి బుస్సుమనేది. ఆవిడ మార్కెట్ పంపు దాకా పరుగెత్తి బిందెడు నీళ్ళు తెచ్చుకుని, ఆరూ ముప్పావు హాజరుకి ఏడు దాటాక చేరేది. "ఇంకొక్క రోజు ఆలస్యమైతే పేరు కొట్టేస్తా" అని మేస్త్రీ తేల్చి చెప్పేశాడు. ఇంట్లో ఒక్కతే. నీళ్ళకు నిలబడితే పని పోతుంది, పనికి పోతే నీళ్ళుండవు.

ఒక సోమవారం మాస్టారు సుద్దముక్కతో కుళాయి దగ్గరికొచ్చి వీధి మధ్యన గీత గీశారు.

"ఎడమ వైపు పదమూడిళ్ళు ఒక జట్టు, కుడి వైపు పదమూడిళ్ళు ఇంకో జట్టు. ఒక్కో జట్టుకి ఒక్కో పంపు. ఎవరి బిందె వాళ్ళు మోసుకుపోకూడదు. వరసగా నిలబడి చేతులు మార్చాలి. నీళ్ళు పోయేలోపు ప్రతి ఇంట్లోనూ గుమ్మం లోపల నిండు బిందె ఉండాలి. ఒక్క ఇల్లు తప్పినా జట్టుకి సున్నా."

"పొద్దున్నే ఇదేం గోల మాస్టారూ?" అంది మేడ మీద పిన్ని.

"ఓడిపోతానని భయమైతే పక్కన కూర్చో అమ్మాయ్."

యాభై రెండేళ్ళ పిన్నితో అలా మాట్లాడిన వాళ్ళు అంతవరకూ లేరు. ఆవిడ కొంగు బిగించింది.

పిన్నిదీ అక్కదీ ఎడమ జట్టే. ఆరుంబావుకల్లా పన్నెండు బిందెలు ఇళ్ళకు చేరాయి. అందరూ చేతులు దులుపుకున్నారు. అక్క కాసేపు చూసి, ఖాళీ బిందె గుమ్మం బయట బోర్లించి, తాళం వేసుకుని పనికి పోయింది. కుడి జట్టు ఆఖరి బిందె నీళ్ళు ఆగే ముందు గుమ్మం దాటింది.

"కుడి పదమూడు. ఎడమ సున్నా."

"సున్నా ఏంటండీ, పన్నెండు నింపాం కదా?" అంది పిన్ని.

"పదమూడోది?"

"అది ఆవిడది."

"ఆవిడ ఏ జట్టు?"

కుడి జట్టు ఇస్త్రీ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పిన్నికి ఆ సున్నాకన్నా ఈ నవ్వు ఎక్కువ మండింది.

మంగళవారం కుళాయి ఇంకా తడవకముందే పిన్ని గొంతు లేచింది.

"ముందు అక్క బిందె అందుకోండర్రా. తాళమేసుకుని పోయిందంటే మళ్ళీ ఆ ఇస్త్రీ మొహం నవ్వుతుంటే చూడాలి."

బిందె నిండగానే మొదట ఎత్తింది పిన్నే. నిన్నటిదాకా కాలితో నెట్టిన బిందె అదేనని ఆవిడకు గుర్తొచ్చిందో లేదో, అడిగే తీరిక ఎవరికీ లేదు. ఐదూ యాభైకల్లా అది గుమ్మం లోపలుంది. అక్క దానివంక రెండు క్షణాలు చూసి బయటికొచ్చింది.

"నేనెక్కడ నిలబడను?"

"నా పక్కన. నీ చేతులు గట్టివి."

ఎడమ జట్టు ఆరూ పదికి ముగించింది.

నేను మాస్టార్ని పట్టుకున్నాను. "ఒక్క ఇల్లు తప్పితే సున్నా అనే రూలు ఏ ఆటలో ఉంది?"

"చాలా వాటిల్లో ఉంది."

"ఒక్కటి చెప్పండి."

ఆయనకు అర్జెంటుగా ఇంటికెళ్ళే పని పడింది. జవాబు ఆయన భార్య చెప్పింది.

"ఏ ఆటలోనూ లేదు. మూడు రోజులు స్టాప్‌వాచీ పట్టుకుని ఆ అమ్మాయి వెనకాలే హాజరు వేసే చోటు దాకా నడిచారు. ఇరవై రెండు నిమిషాలట, ఆరూ ఇరవైకల్లా తాళం వేస్తేనే హాజరు అందుతుందట. ఆ తర్వాతే రూలు రాశారు. నాలుగో రోజు ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, 'మాస్టారికి ఒంట్లో బాగాలేదా అమ్మగారూ' అని అడిగింది."

"మీరేమన్నారు?"

"బాగున్నప్పుడూ ఇంతేనమ్మా అన్నాను."

ఆ నెలలో అక్క ఒక్క రోజూ హాజరుకి ఆలస్యం కాలేదు. నెలాఖరున ఎడమ జట్టు కెప్టెన్‌ని ఎన్నుకుంది. అక్కకు ఏడు చేతులు లేచాయి, పిన్నికి ఆరు. ఎవరి బిందె ఎన్నోదో చెప్పాల్సింది కెప్టెనే. ప్రస్తుతం పిన్నిది పదకొండోది.