పాపకు కాంచిన నీళ్లు

ఈ పొద్దుకు మా లచ్చుమి పోయి నెలయింది. మా పేట కొళాయిలో మోరీ మురుగునీళ్లు కలిసినాయి. అవి తాగి వాంతులూ భేదులూ పట్టుకుంటే తెల్లారేతలికి బిడ్డ లేదు. కర్నూల్లో మా పేటలో ఇంగా ఇద్దరు పిల్లోళ్లు అట్నే పోయినారు.

దానికి ఇష్టమని పొద్దున ఓళిగలు చేసి ఆకులో పెట్టినా. పక్కన చెంబుతో నీళ్లు పెట్టాల కదా. కొళాయి నీళ్లే పొయ్యి మీద బాగా తెర్లబెట్టి, గుడ్డలో వడగట్టి, చల్లారేదాకా కూచున్యా. ఆకు ఎండిపోతాందని మా అత్త కసిరింది.

"ఏమే, చచ్చినోళ్లకు కాంచిన నీళ్లేందే? ఇంగ దానికి ఏం రోగమొస్తాదని?"

"రాదులే అత్తా. అయినా దానికి పచ్చినీళ్లు ఇంగ నా చేత్తో పొయ్యను."

నీళ్లు చల్లారినాక అత్తే చెంబు ఎత్తుకొచ్చి ఆకు పక్కన పెట్టి, కొంగుతో కండ్లు తుడుచుకునింది.

సాయంత్రం కొళాయి కాడికి పోతే అదే మోరీ వాసన. పైపు బాగుచేసేదానికి ఇంగా ఎవరూ రాలేదు. వరసలో బిందెలు మాత్రం నిండుతానే ఉండాయి. పోయిన బిడ్డకు నేను కాంచి పెట్టినా. ఇంట్లో ఆడుకుంటాండే మీ పిల్లోళ్లకు ఏ నీళ్లు పోస్తాండారమ్మా?