క్వారీ నీళ్ళలో ఈల

దయ్యాలంటే నాకు నవ్వు. చీమకుర్తిలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్తాను. ఎవరింట్లో ఏ చప్పుడు వినపడిందన్నా ఎలకో, గాలో అని కొట్టిపారేసేదాన్ని. ఆ రోజు విన్నది మాత్రం ఏమిటో తేల్చలేకపోయాను.

మా అన్నయ్య సలీం అంటార్కిటికా వెళ్ళే పరిశోధన ఓడలో పనిచేశాడు. మంచు కింద సముద్రం అడుక్కి కెమెరా దించి, అక్కడ బతికేవాటిని చూడటం అతని పని. సెలవులకి వచ్చినప్పుడు అమ్మకి ఫోన్లో చూపించేవాడు. కూజాల్లా నిలబడ్డ స్పంజులు, అరచేయంత సముద్రపు సాలీళ్ళు, రక్తంలో ఎరుపే లేని చేపలు.

"అంత చలిలో, చీకట్లో ఎట్టా బతుకుతాయిరా?" అనేది అమ్మ.

"ఈ ఎండల్లో మనం బతకట్లా? అట్టాగేనమ్మా," అని నవ్వేవాడు.

ఒకసారి మంచు కింద ఈదుతూ, ఊపిరి కోసం మాత్రం పైకి వచ్చే సీల్ అనే జంతువు కూతని రికార్డు చేసి తెచ్చాడు. కూతలా ఉండదది. సన్నని ఈల పైనుంచి కిందికి జారుతూ, జారుతూ ఆగిపోతుంది. అమ్మ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వింది.

పోయినేడాది మెదడులో గడ్డతో అన్నయ్య పోయాడు. అమ్మ ఏడవలేదు. మాట్లాడటమే మానేసింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నయ్యని పూడ్చిన ఖబరస్థాన్ గేటు బయటే నిలబడి దువా చేసుకుని, ఆటోలో తిరిగి వస్తున్నాం. పని ఆగిపోయిన ఒక పాత గ్రానైట్ క్వారీ దగ్గర అమ్మ డ్రైవర్ భుజం తట్టి ఆపించింది. దిగి నేరుగా గుంత అంచుకి నడిచింది. నేను కంగారుగా వెనకే పరిగెత్తాను. కింద నల్లగా నీళ్ళు. గాలి లేదు. లారీలు కూడా లేవు.

ఆ నీళ్ళలోంచి ఈల వచ్చింది. పైనుంచి కిందికి జారి ఆగింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

నా భ్రమ అనుకునేదాన్నే. కానీ డ్రైవర్ వెంకటేశ్వర్లు, "ఏందమ్మా ఆ ఈల? నీళ్ళలోంచి వస్తందే!" అన్నాడు. ఆ సీల్ కూత ఉన్న అన్నయ్య ఫోను ఇంట్లో బీరువాలో ఉంది, ఛార్జింగ్ లేక ఎప్పుడో ఆగిపోయింది. మర్నాడు చుట్టుపక్కల పనివాళ్ళని అడిగాను. ఆ గుంతలో నీళ్ళు తోడే మోటారు తీసేసి చాలా కాలమైందన్నారు.

అమ్మ ఆ అంచునే కూలబడి, అన్నయ్య పోయాక మొదటిసారి ఏడ్చింది.

తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాం. మళ్ళీ వినపడలేదు. పొద్దు వాలుతోంది, పోదాం రమ్మంటే అమ్మ కదలదు.

"కాసేపుండవే. ఎంతసేపని నీళ్ళల్లో ఉంటాడు? ఊపిరి కోసమన్నా పైకి రావాలిగా," అంటుంది.

ఆ ఈల ఏమిటో నాకిప్పటికీ తెలియదు. అమ్మ పక్కన కూర్చుంటాను.