చిరాకు గడిలో సున్నా

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, సెప్టెంబరు రెండో సోమవారం నన్ను పరిశోధన విభాగానికి మార్చారు. అమెరికాలో పార్సిప్పనీకి దగ్గరలో ఒక విశ్వవిద్యాలయపు కౌన్సెలింగ్ కేంద్రం మాది. నా హోదా సీనియర్ సైకాలజిస్టు. ఇరవై రెండేళ్ల సర్వీసుకు ఇచ్చిన గది మాత్రం కాపీ మెషీన్ పక్కది. దాన్ని నేను మరిచిపోలేదు.

మా దగ్గరకు వచ్చేవారి మీద మాకు కలిగే భావాలు చికిత్సను ఎలా మారుస్తాయన్నది పరిశోధన విషయం. ప్రతి సెషన్ కాగానే ఒక ఫారం నింపాలి. అందులో విసుగు, చిరాకు, జాలి, ఆప్యాయత వగైరా గడులు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు వేయాలి. వచ్చినవారి అనుమతితో సెషన్‌ను వీడియో తీస్తారు. కోడర్లనే పరిశోధన సహాయకులు మా ఫారాలు చూడకుండా, వీడియోలో మా తీరు చూసి వాళ్ల అంకెలు వేస్తారు.

నాకు వచ్చిన కేసు వరంగల్ నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చిన అమ్మాయి. శ్రావణి అందాం, అసలు పేరు వేరు. క్లాసులో నలుగురి ముందు నిలబడితే ఆమెకు గొంతు పెగలదు. డిసెంబరులో ప్రెజెంటేషన్ ఇవ్వకపోతే కోర్సు ఫెయిల్. నా తలుపు మీద డాక్టర్ అని ఇత్తడి పలక ఉంది. దాన్ని దాటుకుని వచ్చి, కూర్చోకముందే నమస్తే అంకుల్ అంది.

ఐదు సెషన్లూ అదే పిలుపు. చిరాకు గడిలో ఐదుసార్లూ సున్నా వేశాను. ఇంత అనుభవమున్నవాడికి ఒక పిలుపు మీద చిరాకేమిటని నా ధీమా.

ఆరో వారం ఆమె రాలేదు. ఏడో వారమూ రాలేదు. మూడోసారీ రాకపోతే కేసు మూసేయాలన్నది నియమం. రెండుసార్లు మానేసినప్పుడే మా అంకెలనూ కోడర్ల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ కాగితం పట్టుకుని కోడర్లకు పెద్ద అయిన మేఘన వచ్చింది. ఇక్కడే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"అంకుల్, మీరు జీరో వేసారు. మేము త్రీ. ఆ అమ్మాయి అంకుల్ అంటే మీరు వాటర్ తాగుతారు. ఎవ్రీ టైమ్."

అంకుల్ అన్నవాళ్లలో ఈమె రెండోది. అదీ గుర్తుపెట్టుకున్నాను.

వీడియో చూస్తే నిజమే. నేను బాటిల్ ఎత్తగానే శ్రావణి మాట సగంలో ఆపేస్తోంది. క్లాసులో ఎలా ఆగిపోతుందో అలాగే.

మానేసినవారికి చేయడానికి కేంద్రం అనుమతించే ఒక్క ఫోన్ కాల్ శ్రావణికి చేశాను. వచ్చింది. ఆ పిలుపు నాకు చిరాకు తెప్పించిన మాట నిజమనీ, తప్పు ఆమెది కాదనీ చెప్పాను.

"నా ముచ్చట్లకు బోర్ కొడ్తుందేమో అనుకున్న అంకుల్," అంది. "డాక్టర్ గారూ అంటే నాకు నోరే లేవది. మరి ఏమని పిలవాలె?"

అలాగే పిలవమన్నాను. బాటిల్ తీసి ఆమె వైపు పెట్టాను. నవ్వింది. ఆ రోజు చిరాకు గడిలో రెండు వేశాను. కోడర్లూ రెండే వేశారని తర్వాత తెలిసింది.

డిసెంబరులో శ్రావణి ప్రెజెంటేషన్ ఇచ్చింది. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగిందట. పాసయింది.

ఆ తర్వాత నేను శిక్షణ ఇచ్చిన జూనియర్లెవరైనా చిరాకు గడిలో వరసగా సున్నాలు వేసి తెస్తే, ఫారం తీసుకోకుండా ముందు వీడియో చూసి రమ్మనేవాణ్ని. మనం ఫారంలో దాచిన చిరాకు ఎదుట కూర్చున్నవారికి ముందే తెలిసిపోతుంది. దాని ఫలితం వాళ్లే అనుభవిస్తారు.

నా వీడ్కోలు కేకు మీద మేఘన "హ్యాపీ రిటైర్మెంట్ అంకుల్" అని రాయించింది. చిరాకు మూడు. రెండు ముక్కలు తిన్నాను.