మేనమామకు వీసా

బళ్ళారి బ్రూస్‌పేటలో నా ఆఫీసు బోర్డు మీద లాయరు, నోటరీ అని మాత్రమే ఉంటుంది. అయినా వీసా ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేదు, పర్వాలేదా? మొగుడి వీసా మీద పోయిన పెళ్లాం అక్కడ ఉద్యోగం చేయొచ్చా? చర్చిలో ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ చాలునా, మళ్లీ రిజిస్టర్ చేయించాలా? "దేశానికో చట్టమప్పా, నేనేమన్నా రాయబారినా?" అని విసుక్కుంటాను. విసుక్కున్నాక కుర్చీ చూపించి కూర్చోమంటాను. నా సంగతి తెలిసినవాళ్లు ఆ మొదటి మాటను పట్టించుకోరు.

ఒక వేసవిలో వచ్చిన ముగ్గురు మాత్రం కూర్చోమన్నా కూర్చోలేదు. ముందు ఒక నర్సు, ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో పనిచేసేది. వెనక ఆమె భర్త, దోణిమలై గనుల్లో లోడర్ నడుపుతాడు. అతని చెయ్యి పట్టుకుని అతని తల్లి. ఆ అమ్మాయికి విదేశంలో ఉద్యోగం వచ్చింది, పని వీసా కూడా చేతికొచ్చింది. ఇక భర్తను వెంట తీసుకుపోవాలి. దానికి ముసలామె పేరున ఒక అఫిడవిట్ కావాలన్నారు.

ఏమని రాయాలని అడిగాను. భర్త నేల చూశాడు.

"మా అవ్వకు ఒగడే కొడుకు, కూతుర్లు లేరని రాయాలంట లాయరమ్మా," అంది అమ్మాయి. "ఏజెంటు సెప్పినాడు."

"అవ్వ అంటున్నావేం? నీకు అత్త కదా ఈమె?"

"రెండూ నేనేనమ్మా," అని ముసలామె అందుకుంది. "దీని తల్లి నా కూతురు. ఇది పాలు తాగే వయసులోనే సచ్చిపాయ. నేనే సాకితి. ఇంగో ఇంటికి పంపనీకి మనసు రాక నా కొడుక్కే సేసుకుంటి."

మా వైపు ఇది వింతేమీ కాదు. మేనమామను చేసుకున్న ఆడవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆచారం ఉన్నచోట మన చట్టం కూడా ఒప్పుకుంటుంది. కానీ చాలా దేశాల్లో అది అసలు పెళ్లే కాదు. ఏజెంటుకు ఆ సంగతి తెలుసు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, అందుకని చచ్చిపోయిన కూతురు అసలు పుట్టనే లేదని తల్లి చేతే చెప్పించమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"దొరికితే అతనిదే కాదు, నీ వీసా కూడా పోతుంది. పైగా ఇది దొంగ ప్రమాణం. నేను రాయను," అన్నాను.

ముసలామె బల్ల దగ్గరికి వచ్చింది. "సుమ్నే, ఊరికే అట్ల రాయమ్మా. సచ్చినోళ్లకేమి తెలుస్తాది? బతికినోళ్లు ఒగ సోట ఉంటే సాలు," అని వేలిముద్రకు బొటనవేలు చాపింది. ఆ మాట అనడానికి ఇంటి దగ్గర ఎంత ఏడ్చి వచ్చిందో, కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

అమ్మాయి ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దవ్వా. మా అమ్మ లేకుండా నేను యాన్నుంచి వస్తి? ఉండేది ఉన్నట్టే రాయండి లాయరమ్మా. ఇస్తే ఇస్తారు, లేదంటే లేదు."

ఉన్నది ఉన్నట్టే రాశాను. మా ఆచారం గురించి రాశాను, పెళ్లి రిజిస్టరైన సంగతీ రాశాను. ఒప్పుకోకపోవచ్చని వాళ్లకు ముందే చెప్పాను గానీ, ఆశ చావనిది నాకే. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, చర్చి గంట వినబడితే ఆ దేవుడికి కూడా.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. ఆమె ఉద్యోగానికి ఢోకా లేదు. అతను మాత్రం వాళ్ల చట్టం ప్రకారం భర్త కాడు.

అయితే నేనూ పోనని ఆమె నా ఎదుటే కూర్చుని మొండికేసింది. అంతవరకూ నోరు విప్పని మనిషి అప్పుడు మాట్లాడాడు. "నర్సు సదువు సదివించింది ఇంట్లో కూసోబెట్టనీకా? నువ్వు పో. కాంట్రాక్టు అయినంక రా. నేను యాడికి పోతా, ఈడే ఉంటా." ఆ గొంతులో మొగుడెంత ఉన్నాడో మేనమామ కూడా అంతే ఉన్నాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, చివరికి సరేనంది.

బయలుదేరే రోజు సర్టిఫికెట్ల నకళ్ల మీద నా ముద్ర వేయించుకోవడానికి మళ్లీ వచ్చారు. ముద్రలు పడ్డాక మొగుడూ పెళ్లాలు ఆటో పిలవడానికి బయటికి వెళ్లారు. ముసలామె మొదటిసారి నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఇల్లు దాటి పోకూడదనే ఇస్తినమ్మా," అంది. "మామ కాబట్టి ఇస్తి. మామ కాబట్టే ఇప్పుడు వాన్ని దీని ఎంట పంపలేకపోతాండా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చేతిని పట్టుకుని గడప దాటించాను. బయట ఆటో ఆగి ఉంది. పెళ్లాం పెట్టెను అతనే లోపల పెడుతున్నాడు.