అక్క హారన్ కొట్టిన రోజు

మా చిన్నప్పుడు... కన్నడం మాట్లాడే ఊరు ఆనేకల్‌లో మా పడసాల గచ్చు నిండా సుద్దముక్కతో గీసిన రోడ్డు గుర్తులే. కాలేజీలో కొత్తగా చేరిన మా భారతక్క ఎల్ఎల్ఆర్‌కి, అంటే బండి నేర్చుకునే లైసెన్సు పరీక్షకు చదువుతోంది. నాకు పదేళ్ళు. చీపురుపుల్ల పట్టుకుని ఒక్కో బొమ్మా చూపించి అడిగే ఆఫీసరును నేనే.

ఇరుకు వంతెన, ముందు బడి ఉంది, కుడివైపు తిరగరాదు... అక్క గడగడా చెప్పేది. రోడ్డు మిట్టల గుర్తు నాకు పక్కపక్కనే పెట్టిన రెండు ఇడ్లీల్లా కనిపించేది. ఆ మాటంటే నవ్వాపుకోలేక ఆ ఒక్కటీ మరిచిపోయేది.

మగ్గం నేసే మా నాయనకు ఆడపిల్ల బండి నడపడమంటే బెదురు. అన్ని బొమ్మలూ తప్పు లేకుండా చెబితేనే తన మోపెడ్ ఇస్తానన్నాడు. పరీక్షలో అక్క ఒక్కటీ తప్పలేదు. నాయన తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు...

ఆ వారంలోనే ముందూ వెనకా ఎల్ బోర్డులు అంటించుకుని, నన్ను వెనక ఎక్కించుకుని బయలుదేరింది. ఎల్ బోర్డు బండి మీద అలా ఇంకొకరిని ఎక్కించుకోవడమూ తప్పేనని మాకప్పుడు తెలీదు. ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి ముందు ఎద్దులబండి అడ్డం వచ్చింది. అక్క హారన్ నొక్కింది... నొక్కుతూనే ఉంది.

ఆసుపత్రి మెట్ల మీద నుంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు... తిడతాడనుకున్నాను. మా మాటలు విన్నాడేమో, తెలుగులోనే మెల్లగా అన్నాడు.

"మా బిడ్డకి ఆపరేషన్ అయ్యుండాది పాపా. రెండు దినాలకి ఇప్పుడే నిద్ర పట్టింది. బండి తోసుకుని పోతావా?"

అక్క తలెత్తి చూసింది. మా నెత్తి మీదే బోర్డు... ఎర్రటి గుండ్రంలో గీత కొట్టిన హారన్ బొమ్మ.

ఇంజన్ ఆపేసి ఇద్దరం వీధి చివరిదాకా బండి తోశాం. అక్కడికి చేరాక కూడా అక్క స్టార్ట్ చేయలేదు. ఆ బొమ్మ నీకు వచ్చు కదా అని అడిగాను. చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"పేరు తెలుసు. అది ఎవురి కోసరం పెట్టినారో ఈ పొద్దే తెలిసింది."

సాయంత్రం నాయనకు ఏదీ దాచకుండా చెప్పేసింది. బండి లాక్కుంటాడని నాకు ఒకటే భయం. ఆయన అంతా విని, ఇంక తనకు బెదురు లేదన్నాడు.

మర్నాడు ఇద్దరం నడిచే ఆసుపత్రికి వెళ్ళాం. తప్పయిపోయిందని చెప్పడానికి అక్క మాటలు వెతుక్కుంటుంటే, ఆ పెద్దాయన నవ్వి లోపలికి పిలిచాడు. ఆయన కూతురు తేరుకుని దిండుకు ఆనుకుని కూర్చుంది. పక్కన మెత్తటి పాత చీర మడతల్లో పిడికిలంత మొహంతో పసిపాప... అక్క ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చింది.

మొన్న నా కూతురు ఇంట్లోనే కూర్చుని, తెర మీద జవాబులు నొక్కి, కాసేపట్లో ఎల్ఎల్ఆర్ తెచ్చుకుంది. అన్నీ సరైనవే. నాకూ సంతోషమే... కానీ మా కుందలహళ్ళి రోడ్డు మీద, పచ్చలైటు పడకముందే మొదలయ్యే ఆ హారన్ల మోతలో, మెల్లగా చెప్పిన మాట ఎవరికి వినబడుతుంది?

మీరు బండి నేర్చుకునే రోజుల్లో, పుస్తకంలో లేని సంగతి ఎవరైనా చెప్పారా? కింద రాయండి... నా కూతురికి చదివి వినిపిస్తాను.