చీజ్ కత్తి చేతికివ్వకూడదు

మా నాన్న ఒక క్లబ్బు వంటింట్లో ముప్పై ఏళ్లు చీజ్ కోశాడు. తినడం మాత్రం రిటైరయ్యాకే మొదలుపెట్టాడు. బండేల్ చీజ్ పొడి పొడిగా రాలిపోతుంటే మా కూరగాయల కత్తిని తిట్టి తిట్టి, చివరికి నన్ను వెంటేసుకుని న్యూమార్కెట్‌కి వెళ్లాడు.

దుకాణదారు మెరిసే చీజ్ కత్తులన్నీ ముందు పరిచాడు. "దాదా, ఓటా దేఖాన్" అని నాన్న బెంగాలీలో మూలనున్న దాన్ని చూపించమన్నాడు. మెత్తటి చీజ్ అంటుకోకుండా కత్తి అలుగులో చిల్లులున్నాయి. ముక్కను గుచ్చి తీయడానికి కొస రెండుగా చీలి ఉంది. ఇనుము పిడి లోపల చివరి దాకా ఉందో లేదో గోటితో తట్టి విన్నాడు. అరగంట పట్టింది. నా పెళ్లికొడుకుని కూడా ఇంతసేపు చూడలేదని దెప్పాను.

"ఆడికి నోరుంది, అడిగితే సెప్తాడు. కత్తి సెప్పదు కదే" అన్నాడు.

ఏక్‌బాల్‌పూర్‌లో మా ఇంటికి చేరేలోగా సూత్రాలన్నీ వల్లించాడు. కోసిన వెంటనే కడగాలి. నీళ్లలో నాననివ్వకూడదు. చిల్లుల్లో కూడా తడి ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కత్తి చేతికి చేతికి ఇవ్వకూడదు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి.

"సేతికిస్తే తగువొస్తాదే."

కింద పెట్టినా మాకు తగువు రాని రోజు లేదు. కత్తికి లేని పదును ఇద్దరి నోళ్లకూ ఉండేది.

పోయినేడాది ఆయనకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి, మాట పడిపోయాయి. నాకు ఏడుపు రాలేదు. డాక్టరు చెప్పింది విని, మందులు తెచ్చి, అన్నం వండాను. ఏమీ అనిపించలేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, అంతే. ఆయన ఒక్కసారి నన్ను తిడితే చాలనుకునేదాన్ని. అందుకే రోజూ ఆయన కళ్లెదుటే కత్తిని నీళ్లగిన్నెలో పడేసేదాన్ని. ఆయన చూసి, తల గోడవైపు తిప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం గిన్నెను మంచం పక్క స్టూలు మీదే వదిలేసి బట్టలు ఆరేయడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దిండుకి ఆనుకుని కూర్చుని, కత్తిని ఒళ్లో పెట్టుకుని, ఆడే చేత్తో లుంగీ అంచు పట్టుకుని తుడుస్తున్నాడు. ఒక్కో చిల్లూ తుడిచాడు. ఆ తర్వాత పిడి నావైపు తిప్పి, కత్తిని నాకు అందించాడు. స్టూలు పక్కనే ఉంది. దాని మీద పెట్టలేదు.

చేయి చాచి తీసుకున్నాను.

తగువు కోసం ఇద్దరం చీకటి పడేదాకా ఎదురుచూశాం.